వంటపాత్రలు – కళాయి



నేను ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా నుండి విశ్రాంతి గొన్నవాడను. వ్యాకరణమును, కావ్యములును చదివినవాడు వంటింటి గిన్నెలను గూర్చి మాటలాడుటకు వచ్చినాడేమి యని మీకు వింతగా దోపవచ్చును. ఈ విషయమున నాకు అధికార మిచ్చినది పాండిత్యము గాదు. నేను చేసిన యొక పొరపాటు. ముందు దానిని మీ యెదుట నొప్పుకొని, పిదప చెప్పవలసినది చెప్పెదను.

సుమారు నలువదేండ్ల క్రిందటి మాట. అప్పుడు మా యింట పప్పుపులుసు ఇత్తడిగిన్నెలోనే కాగెడిది. ఆ గిన్నె యడుగున కళాయి పోయి ఇత్తడి బయటపడినదని నా భార్య రెండుమార్లు చెప్పినది. కళాయివాడు మా వీధికి వచ్చి, “అయ్యవారూ, గిన్నె లేమైన నున్నవా?” యని యడిగినాడు. నెలాఖరు దినములు. “వచ్చేనెల చూతము లెమ్ము” అని పంపివేసితిని. ఒకనాటి రాత్రి మిగిలిన పులుసు ఆ గిన్నెలోనే యుండిపోయినది. మరునాటి యుదయము పిల్లలకు చద్దియన్నములో దానినే వడ్డించిరి. మా తల్లి యొక ముద్ద నోట నుంచుకొని, “నాయనా, పులుసు కనరెక్కినది, పిల్లలను తిననీయకు” అన్నది. అప్పటికే వారు సగము తినియుండిరి. కొంతసేపటికే యిద్దరికిని వాంతులు మొదలైనవి. చిన్నపిల్ల సొమ్మసిల్లినది. దానిని భుజమున వేసికొని రెండుమైళ్లు వైద్యుని యొద్దకు పరుగెత్తితిని. ఆయన “ఏమి తిన్నారు?” అని యడిగిన తరువాత, “దేనిలో వండినారు?” అని యడిగెను. నాకు నోట మాట రాలేదు. దైవానుగ్రహమున పిల్లలు కోలుకొనిరి. ఇంటికి వచ్చి చూడగా గిన్నె లోపలి యంచున ఆకుపచ్చని చిలుము పొరగా గట్టియున్నది.

ఇప్పుడీ కథ చెప్పుటకు కారణము గలదు. అటకలమీద నేండ్లతరబడి బోర్లించియున్న ఇత్తడి పాత్రలను మన మనుమలు, మనుమరాండ్రు మరల దింపించుకొని వాడుకొనుచున్నారు. అది సంతోషింపదగినదే. అయితే పాత్ర వారికి చేరుచున్నది గాని, దానితోబాటు రావలసిన తెలివిడి చేరుట లేదు. అది యిచ్చుట పెద్దలమైన మన వంతు.

ఆ తెలివిడి యంతయు నొక్క ప్రశ్నలో నున్నది. ఇత్తడిచెంబును చింతపండుతో తోమిన నెందుకు తళతళలాడును? ధర్మశాస్త్రకారులు సైతము లోహపాత్రలను క్షారముతోను, ఆమ్లముతోను, నీటితోను శుద్ధి చేయవలెనని విధించిరి. పులుపు లోహముపై పట్టిన మకిలిని కరగించి తీసివేయును. అందుచేతనే క్రొత్తమెరుగు వచ్చును. తోమునప్పుడు లోహమును కరగించు చింతపండు, వండునప్పుడు కరగింపక యూరకుండునా? ఇత్తడి యనగా రాగి, తుత్తునాగముల కలయిక. ఆ రాగి పులుసులోనికి దిగును. తోమిన నీరు పారబోయుదుము, పులుసు త్రాగుదుము. భేదమంతయు నదియే.

రాగి, ఇత్తడి వంటపాత్రల లోపల తగరము పూత పూయుట యిందులకే. దానినే కళాయి యందుము. ఆహారకల్తీ నివారణకై 1955లో వెలువడిన నిబంధనలలోను, మరల 2011 నాటి నిబంధనలలోను, సరిగా కళాయి వేయని రాగి, ఇత్తడి పాత్రలు ఆహారమునకు తగవని చెప్పబడినది.

కళాయి వేయు విధము మీలో పలువురు చూచినదే. పాత్రను శుభ్రముగా తోమి, బొగ్గులపై కాచి, నవసాగరపు పొడి చల్లి, తగరపుకడ్డీని తాకించి, కరగిన తగరమును దూదితో లోపలనంతట రాచుదురు. ఇచ్చట మనము కనిపెట్టవలసినది పూత మెరుగును గాదు, తగరపు శుద్ధిని. వెలకు లోభించి తగరములో సీసము కలిపినచో, రాగికంటె ఘోరమైన విషము మనమే పాత్రకు పూయించుకొన్నట్లగును. సీసము వాంతిచేసి హెచ్చరింపదు. ఒంటిలో కొంచెము కొంచెముగా చేరి పసిబిడ్డల బుద్ధికి చెరుపు చేయును. శుద్ధమైన తగరపుకడ్డీని వంచినప్పుడు చిటచిటమని సన్నని చప్పుడగును. సీసము చప్పుడు లేకుండ వంగును. అయినను కొంచెము కల్తీ యీ గురుతునకు దొరకకపోవచ్చును. కావున ఎరిగిన నమ్మకస్థుని చేతనే, మన యెదుటనే పని చేయించి, అతడడిగిన న్యాయమైన కూలి యిచ్చుట మేలు.

కళాయిని కాపాడుకొనుట యిల్లాలి యొక్కతె పని గాదు. తగరము 232 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే కరగును. కావున వట్టిగిన్నెను పొయ్యిమీద నుంచి మరచిపోరాదు. వేపుళ్లకు దానిని వాడరాదు. ఇసుకతోను, ఇటుకపొడితోను, ఇనుపపీచుతోను లోపల తోమరాదు. ఇనుపగరిటెకు బదులు కొయ్యతెడ్డు వాడవలెను. అడుగున, గరిటె రాచుకొనుచోట, పూత పలుచబడి ఇత్తడిరంగు కానవచ్చిననాడే ఆ పాత్రను ప్రక్కన నుంచవలెను. కళాయి చక్కగా నున్నను, పుల్లని పదార్థమును అందులో రాత్రి నిలువ యుంచరాదు.

మరి పులుసున కేది తగిన పాత్ర? మన పూర్వులు రాచిప్పను ఏర్పరచిరి. రాతికి పులుపుతో వైరము లేదు. పొయ్యినుండి దించిన పిదప గూడ పులుసు అందులో చాలసేపు తెర్లుచునే యుండును. క్రొత్త రాచిప్పను కొన్నిదినములు గంజిలో నానవేసి, నూనె, పసుపు రాచి ఆరనిచ్చి, పిమ్మట సన్నని సెగపై మెల్లగా వాడుకకు దేవలెను. కాగిన చిప్పలో చన్నీరు పోసినచో పగులును. కొనునప్పుడు వెలుతురున కెత్తి సన్ననిబీట లున్నవేమో చూచుకొనవలెను. రాచిప్ప దొరకనివారు మట్టికుండను వాడుకొనవచ్చును.

స్టెయిన్‌లెస్ స్టీలును తక్కువగా చూడనక్కరలేదు. 1913లో ఇంగ్లండునందలి షెఫీల్డు నగరమున హారీ బ్రియర్లీ యనునాయన దానిని పోతపోయించెను. ఇనుమునకు నూటికి పదిన్నర పాళ్లకు తక్కువ గాకుండ క్రోమియము చేర్చుటచేత, దానిపై కంటికి కానరాని పొర యేర్పడును. గీత పడినను ఆ పొర తనంతట తానే మరల గట్టును. కళాయివాడు వీధికి రాని యూళ్లలో పులుసునకును, పెరుగునకును ఇదియే సులభమైన దారి. అల్యూమినియము సంగతి వేరు. పులుపు దానిని గూడ తినును. దానిలో పులుసు, పచ్చడి నిలువ యుంచరాదు.

ఇనుపపెనము, మూకుడు అట్లకు, వేపుళ్లకు శ్రేష్ఠములు. క్రొత్తదానిని కడిగి, తడి పూర్తిగా ఆర్చి, పలుచగా నూనె రాచి బాగుగా కాచవలెను. ఇట్లు పలుమార్లు చేయగా నూనె ఇనుమునకు అంటి నల్లని పొరయై నిలుచును. అట్టు అంటుకొనకుండ లేచును. వాడిన పిదప నీట నాననీయక, కడిగిన వెంటనే తడిలేకుండ తుడిచి నూనెచేయి రాచినచో తుప్పుపట్టదు. దానిలోను చింతపులుసు కాచినచో ఆ పొర పోవును, పులుసు నల్లబడును.

ఇట్లు చూడగా ఇంటికి పాత్రలు పెక్కు లక్కరలేదు. అన్నమునకు, పాలకు మంచి కళాయి గల ఇత్తడిగిన్నెలు. పులుసునకు రాచిప్పయో, కుండయో, స్టీలుగిన్నెయో. అట్లకు, వేపుళ్లకు ఇనుము. పాత్ర ఏదైనను, దానిలో ఏది వండదగును, ఏది వండదగదు అని యెరుగుట ముఖ్యము.

నాడు నేను భుజమున వేసికొని పరుగెత్తిన చిన్నపిల్లకు నేడు ఎదిగిన బిడ్డలున్నారు. మొన్న పుట్టింటికి వచ్చినప్పుడు అదే ఇత్తడిగిన్నెను అడిగి తీసికొన్నది. నేను ముందుగా దానికి కళాయి వేయించి, “ఇందులో పులుపు వండవలదు. నెలకొకసారి అడుగు చూడుము. పసుపుడాలు కనబడినచో వచ్చేనెల అనవలదు” అని కాగితముపై వ్రాసి లోపల నుంచి యిచ్చితిని. ఆమె చదువుకొని నవ్వినది. కాగితమును మాత్రము భద్రముగా దాచుకొన్నది.

పెద్దలారా, మీ యింట గూడ అట్టి గిన్నె యొకటి యుండును. నేటి సాయంకాలమే దానిని దీపము వెలుగున పట్టి యడుగు చూడుడు. కోడలో, కూతురో కళాయి పోయినదని చెప్పినప్పుడు ఆ మాటను వాయిదా వేయకుడు. సెలవు.