చిన్న కమతము – ఆచార్య హనుమంతరావుగారి కృషి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

  

ఇరువదియైదేండ్లు ఒక గ్రామములో గ్రంథాలయమును నిలుపుకొనుట సామాన్య విషయము కాదు. అందుకు మీ అందరికి నా అభినందనములు. ఇటువంటి ఉత్సవములందు కవులను గూర్చియో, దేశనాయకులను గూర్చియో ప్రసంగించుట వాడుక. నేడు నేను ఒక ఆర్థికశాస్త్రవేత్తను గూర్చి చెప్పదలచినాను. ఆయన ఆచార్య చెన్నమనేని హనుమంతరావుగారు. ఈ సభలో ఉన్నవారిలో ఎక్కువమంది రెండు మూడెకరముల సేద్యగాండ్రు. మన వంటివారి జమాఖర్చులను జీవితకాలము పరిశీలించిన పండితుని కృషి మనకు తెలియకుండుట న్యాయము కాదు.

భూమి ప్రశ్న మన ప్రాంతమునకు కొత్తది కాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పేర్లు చెప్పగనే పెద్దలకు వెట్టిచాకిరి, బేదఖళ్లు, వాటిపై జరిగిన పోరాటములు జ్ఞప్తికి వచ్చును. కోదాడ సమీపమున ఉన్న చిలుకూరులో 1941లో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగినది. 1946 నుండి 1951 వరకు సాగిన సాయుధ పోరాటమునకు నల్లగొండ జిల్లా కేంద్రమైనది. దున్నువానికి భూమి ఏల దక్కదన్నదే ఆనాటి ప్రశ్న.

ఆ ప్రశ్నకు సమాధానముగా 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టము వచ్చినది. అనేకులు రక్షిత కౌలుదారులుగా నమోదైనారు. ఆ చట్టము ఊళ్లలో ఎట్లు అమలైనదో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఆచార్య అలీ మహమ్మద్ ఖుస్రోగారు పరిశోధించి 1958లో గ్రంథము ప్రకటించినారు. 1951 నాటి ప్రతి నూరుగురు రక్షిత కౌలుదారులలో కొద్ది యేండ్లకే ఆ హక్కుతో నిలిచినవారు సుమారు 45 మంది. భూమిని కొని యజమానులైనవారు 12 మంది. చట్టవిరుద్ధముగా బేదఖలైనవారు 22 మంది. తమంతట తామే భూమిని వదులుకొన్నట్లు కాగితమునకెక్కినవారు 17, 18 మంది. మిగిలిన ఇద్దరు ముగ్గురు చట్టప్రకారమే తొలగింపబడినారు. చట్టము పుస్తకములో ఉండుట వేరు, పొలము గట్టు మీద నిలుచుట వేరు అని ఈ అంకెలు చెప్పుచున్నవి. లెక్క తీసినవాడు లేకున్న ఆ వదులుకొన్నవారి మాట ఎవరికి తెలిసెడిది?

అట్లు లెక్క తీయు విద్యనే హనుమంతరావుగారు తమ జీవితవృత్తిగా స్వీకరించినారు. ఆయన 1929లో కరీంనగరు జిల్లాలో జన్మించినారు. ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనామిక్ గ్రోత్‌లో దీర్ఘకాలము ఆచార్యులుగా పనిచేసినారు. 1982 నుండి 1986 వరకు కేంద్ర ప్రణాళికా సంఘ సభ్యులుగా ఉన్నారు. 1980లో హైదరాబాదున స్థాపితమైన ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రమునకు అండగా నిలిచినారు. 2004లో భారత ప్రభుత్వము పద్మభూషణ్‌తో సత్కరించినది. అయితే పదవుల జాబితా కంటె ఆయన అడిగిన ప్రశ్నలు మనకు ముఖ్యము.

మొదటి ప్రశ్న: చిన్న కమతము దేశమునకు బరువా? పెద్ద పెద్ద క్షేత్రములు, యంత్రములు ఉన్నగాని దిగుబడి పెరగదని చాలమంది నమ్మిన కాలమది. 1950లలో ప్రభుత్వము జరిపించిన వ్యవసాయ క్షేత్ర పరిశీలనల లెక్కలు మరొక సంగతిని బయటపెట్టినవి. 1962లో అమర్త్యసేన్‌గారు ఆ లెక్కలను చూపి, కమతము చిన్నదైన కొలది ఎకరమునకు వచ్చు ఫలసాయము ఎక్కువగా ఉన్నదని చర్చ లేవదీసినారు. కారణము మనకు తెలియనిది కాదు. కూలీలతో చేయించు పెద్ద రైతు, కూలి ఖర్చు గిట్టినంతవరకే పని చేయించును. ఇంటిల్లిపాది పొలములో దిగిన చిన్నరైతు మరొకసారి కలుపు తీయును, మరొకసారి గట్టు వేయును, పెంటకుప్పను తానే మోయును. ఆ చర్చలో పాల్గొన్న ప్రముఖులలో హనుమంతరావుగారు ఒకరు.

అయినను ఆయన చిన్న కమతమును పొగడి ఊరుకొనలేదు. 1975లో వెలువడిన తమ గ్రంథములో హరిత విప్లవ ఫలములు ఎవరికి ఎంత దక్కినవో విచారించినారు. మేలురకపు విత్తనమునకు, ఎరువునకు పెద్ద పొలము, చిన్న పొలము అను భేదము లేదు. కాని ఆ విత్తనమునకు నీరు కావలెను, ఎరువునకు అప్పు కావలెను. ఈ రెండును ఉన్నవానికే ముందు చేరినవి. ట్రాక్టరు సంగతి వేరు. అది పెద్ద కమతమునకు అనుకూలించినంతగా కూలివాని పనికి అనుకూలించలేదు. కావున చిన్నరైతు బలహీనత అతని గట్టు లోపల లేదు, గట్టు వెలుపల ఉన్నది. నీరు, పరపతి, బజారు, హక్కుపత్రము – ఈ నాలుగును సమకూర్చిన చిన్న కమతము నిలుచును. నేటి నా ప్రసంగసారము ఇదియే.

రెండవ ప్రశ్న: రైతు భూమిని ఒకచోట పాలికి, మరొకచోట కౌలుకు ఏల తీసుకొనును? 1971లో ప్రకటించిన వ్యాసములో ఆయన పశ్చిమ గోదావరి జిల్లా అనుభవమును విశ్లేషించినారు. వరి పండుచోట దిగుబడి ఇంచుమించు నిశ్చయము, రైతు సొంత తెలివితో చేయదగిన మార్పులు తక్కువ. అక్కడ పాలుపద్ధతి నిలిచినది. పొగాకు పండుచోట ధర, దిగుబడి నిలకడ లేనివి, లాభనష్టములు సాగుచేయువాని నిర్ణయములపై ఆధారపడును. అక్కడ రొక్కపు కౌలు నడచినది. చదువుకొననివాడని మనము తలచు కౌలుదారు ఎంత లెక్క చూచి ఒడంబడిక చేసికొనునో దీనివలన తెలియును.

మూడవది నీరు. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగరు కాలువలకు నీరు విడుదలైనది. ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల రూపమును మార్చినది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపొందినది. సూర్యాపేట దగ్గర 1963లో పూర్తియైన మూసీ ప్రాజెక్టు కొంత భూమిని తడిపినది. అయినను మెట్టభూములకు చెరువు, బావి, వాన – ఇవే దిక్కుగా చాలకాలము గడచినది. అటువంటి మెట్టప్రాంతములను గూర్చి హనుమంతరావుగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1994లో నివేదిక ఇచ్చినది. దాని ఆధారముగా రూపొందిన వాటర్‌షెడ్ నియమములు 1995 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. సుమారు 500 హెక్టారుల మేర ఒక వాటర్‌షెడ్. వాన నీటిని పడినచోటనే ఆపుట. పనులను గ్రామస్థుల సంఘమే నడుపుట – ఇవి అందలి ముఖ్యాంశములు. గ్రామస్థులను నమ్మి ధనమును, బాధ్యతను అప్పగించవలెనన్నది ఆ ఆలోచనకు ప్రాణము.

ఆయనే అధ్యక్షులుగా ఉన్న జాతీయ గ్రామీణ శ్రామిక సంఘము 1991లో నివేదిక సమర్పించినది. చిన్నరైతు, కూలి ఇద్దరు వేరు వేరు మనుష్యులు కారని మనము మరువరాదు. నాట్లు తన పొలములో ముగియగనే పక్కపొలమునకు కూలికి పోవువారు ఈ సభలోనే ఉన్నారు.

ఇక నేటి స్థితి. 2015–16 వ్యవసాయ గణనము ప్రకారము దేశమున ప్రతి నూరు కమతములలో 86 చిన్న, సన్నకారు కమతములే. సాగుభూమిలో వాటి వంతు సగమునకు లోపు. తెలంగాణములో సగటు కమతము ఒక్క హెక్టారు, అనగా రెండున్నర ఎకరములు. దీనికి తోడు కౌలుదారుల కష్టమున్నది. వారికి గుర్తింపు కార్డులిచ్చి బ్యాంకు అప్పు ఇప్పించుటకు 2011లో చట్టము వచ్చినది. 2018లో ఆరంభమైన రైతుబంధు ధనము పట్టాదారునకే చేరినది. నాగలి పట్టిన కౌలుదారునకు చేరలేదు. పట్టాదారునికి భయము, కౌలుదారునికి మొగమాటము. ఇద్దరి నడుమ కాగితము పుట్టుట లేదు. కాగితము లేనివానికి పంట పోయిననాడు పరిహారము అడుగు నోరు లేదు. ఖుస్రోగారు చూపిన ఆ పాత లెక్కకును, దీనికిని పోలిక మీరే చూచుకొనుడు.

ఈ విషయములో గ్రంథాలయము చేయదగిన పనులు మూడు కలవు. వ్యవసాయమునకు, భూమి చట్టములకు సంబంధించిన తెలుగు పుస్తకములకు ఒక బీరువా ప్రత్యేకించుడు. వారమునకొక సాయంకాలము, చదువుకొన్న యువకులు కొత్త ఉత్తరువులను, పథకముల నియమములను బిగ్గరగా చదివి అర్థము చెప్పవలెను. మూడవది అన్నిటికంటె ముఖ్యము: గ్రామములో పదిమంది రైతులు, వారిలో సగముమంది కౌలుదారులు, విత్తనము మొదలు అమ్మకము వరకు ఖర్చు, రాబడి ఒక పుస్తకములో వ్రాయవలెను. ఆ యింటి ఆడవారు చేసిన పనిదినములను కూడ అందులో ఎక్కింపవలెను. అయిదేండ్ల లెక్క చేతిలో ఉన్ననాడు, గిట్టుట లేదని చెప్పు రైతు మాట వట్టి మొరగా మిగలదు, సాక్ష్యమగును.

పొలము చిన్నదైనంత మాత్రమున రైతు చిన్నవాడు కాడు. ఆ సత్యమును లెక్కలతో నిరూపింప యత్నించిన పండితుని స్మరించుకొనుటకు పుస్తకముల ఇల్లు కంటె తగిన చోటు లేదు.  ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనుగాక!