గోదావరి వరదయు గణకయంత్రమును



గోదావరి తీరమున బుట్టినవారికి వరదను గూర్చి చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పుటయే యగును. కావున నదిని గూర్చి చెప్పను. వరదకంటె ముందు నడువవలసిన లెక్కను గూర్చి మాత్రము నాలుగు మాటలు మనవి చేసెదను.

వాతావరణమును ముందుగా లెక్కగట్టి చెప్పవచ్చునని పూనుకొన్నవారిలో రిచర్డ్‌సన్ అను నాంగ్లేయ పండితు డొకడు. ఆరుగంటలలో వాయుపీడన మెంత మారునో చేతితో గుణించి చూచుటకు ఆయనకు ఇంచుమించు ఆరు వారములు పట్టెను, ఫలితమును తప్పెను. ఆ సంగతిని దాచక 1922లో గ్రంథమున బ్రకటించెను. మార్గము మంచిదే, కొలతలును చాలలేదు, చేతివేగమును చాలలేదు. వాన వెలిసిన పిమ్మట ముగియు లెక్క, చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట వంటిది.

1950లో అమెరికాలో ఎనియాక్ అను గణకయంత్రము ఒక దినపు వాతావరణమును ఇంచుమించు ఒక దినములోనే గుణించెను. అనగా లెక్క కాలముతో సరిసమానముగా నడచినది. నేడు కంప్యూటర్లు కాలమును దాటి ముందునకు బోవుచున్నవి. ఎంత పెద్ద పనినైనను చిన్న చిన్న మెట్లుగా విడదీసి, తప్పని క్రమమున నిలిపి, యంత్రముచే నడిపించు విద్యయే గణకశాస్త్రము.

ఇక మన నదికి వత్తము. చీమలు గ్రుడ్లు మోయుట జూచియు, నీటి రంగు జూచియు మన పెద్దలు వరదను పసిగట్టెడివారు. ఆ యనుభవము తక్కువది కాదు. కాని బస్తరు కొండలలో గురిసిన వాన మన పెరటి చీమకు దెలియదు. ఆ నీటిని భద్రాచలమున కెగువ ఇంద్రావతియు, దిగువ శబరియు గోదావరిలో గలుపును. కేంద్ర జలసంఘమువారు ఎగువ నీటిమట్టములను, వానకొలతలను సేకరించి, గణకయంత్ర సాయమున ముందుమాట చెప్పుచున్నారు. భద్రాచలమున 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో నచట నీరు 75 అడుగులు దాటెను. ధవళేశ్వరమున 35 లక్షల క్యూసెక్కులు పారెను. 2022 జూలైలో మరల 71 అడుగులు దాటెను.

అయితే యంత్రమునకు దెలియని దొకటి గలదు. ధవళేశ్వరమున ఇన్ని లక్షల క్యూసెక్కులన్నచో, మీ లంకలో నీరు ఏ యరుగు నెక్కును? ఏ దారి మొదట మునుగును? ఇది మీకే తెలియును. విత్తనమును బట్టి పంట, కొలతను బట్టి లెక్క. కావున గుడిగోడమీదనో, బడిగోడమీదనో ప్రతి వరద గుర్తును సంవత్సరముతో సహా వ్రాయింపుడు. దాని ప్రక్కన నానాటి ధవళేశ్వరపు లెక్కయు వ్రాయింపుడు. రేడియోలో అంకె విన్నంతనే పదేండ్ల పిల్లయు ఆ గోడ జూచి, నీరెంతవరకు వచ్చునో చెప్పగలుగును.

మన పిల్లలు ఈ విద్య నేర్చి దూరదేశములకు బోవుచున్నారు, సంతోషమే. వారిలో కొందరైనను తమ యూరి నీటి లెక్కకు దీనిని వినియోగింపవలెనని నా కోరిక. పశువులను విడిచి రాలేమని కడపటి పడవదాక నిలుచువారు ప్రతి లంకలోను గలరు. యంత్రము మనకు గొన్ని గంటల గడువు నీయగలదు. మొదటి హెచ్చరికనాడే పశువులను గట్టు మీదికి దోలించు బాధ్యత పెద్దలైన మీది.