కొండవాలు అగ్నిశిఖ
(గూడూరులో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించి, మెడికల్ బిల్లుల గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకొనేదే. ఈ రోజు ఒక పువ్వును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. దానికీ మన కీళ్ళకూ సంబంధం ఉంది.

మన గూడూరుకు పడమరగా రాపూరు, వెంకటగిరి దాటితే వెలికొండలు. ఉద్యోగరీత్యా ఆ వైపు తిరిగిన రోజుల్లో, వానలు పడ్డాక కొండవాలు పొదల్లో ఈ పువ్వును చూసేవాణ్ణి. ఆరు రేకులు, అడుగున పసుపు, పైన ఎరుపు, మంటలాగా పైకి లేచి ఉంటాయి. ఆకు కొసే మెలితిరిగి పక్క కొమ్మను పట్టుకొంటుంది. ఇదే అగ్నిశిఖ. అడవినాభి అనీ అంటారు. దుంప నాగలి ఆకారంలో ఉంటుంది గనుక సంస్కృతంలో లాంగలి అన్నారు. ఇంగ్లీషువారికి గ్లోరీ లిల్లీ. తమిళనాడుకు ఇది రాష్ట్ర పుష్పం, ఆఫ్రికాలోని జింబాబ్వేకు జాతీయ పుష్పం. 1947లో అప్పటి రాకుమారి ఎలిజబెత్‌కు ఆ దేశపు పిల్లలు ఈ పువ్వు ఆకారంలోనే వజ్రాల బ్రూచ్ కానుకగా ఇచ్చారు.

ఇంత అందమైన మొక్క నిలువెల్లా విషం. అందులోని కోల్చిసిన్ అనే పదార్థమే గౌట్ నొప్పికి డాక్టర్లు రాసే మందు. మాత్రలో ఉండేది అర మిల్లీగ్రాము మాత్రమే. మందుకూ విషానికీ మధ్య దూరం అంత తక్కువ. దుంపలో ఎంత ఉందో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. ఉడికించినా విషం పోదు. శ్రీలంకలో చిలగడదుంప అనుకొని తిని ప్రాణాలు పోగొట్టుకొన్నవారున్నారు. మొదట వాంతులు, విరేచనాలు. తరువాత ఒక్కొక్క అవయవం దెబ్బతింటుంది. కనుక కీళ్ళనొప్పికి ఫలానా దుంప అరగదీసి తాగమని ఎవరు చెప్పినా వినకండి. పొరపాటున ఎవరైనా తింటే ఒక్క క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చండి.

ఇంకొక మాట. ఎండాకాలంలో పై తీగ ఎండిపోయినా నేలలో దుంప బతికే ఉంటుంది, తొలకరికి మళ్ళీ మొలుస్తుంది. దుంప తవ్వితే ఆ మొక్క కథ ముగిసినట్లే. మందుల కంపెనీలకు కావలసిన గింజల కోసం తమిళనాడు రైతులు దీన్ని పొలాల్లో పండిస్తున్నారు. పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దుతారు. మన కొండను తవ్వవలసిన అవసరం లేదు.

పెంచలకోన స్వామి దర్శనానికి వెళ్ళినప్పుడు మనుమలకు ఈ పువ్వును చూపించండి. పేరు చెప్పండి, గుణం చెప్పండి. చేయి మాత్రం వేయనీయకండి.