కళాశాలలో దాచిన ఆయుధము
(బెజవాడలోని యొక పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



ఈ పట్టణమున టెక్సాసు పేరు విననివారు లేరు. తమ బిడ్డ యచటి విశ్వవిద్యాలయమున చదువుచున్నాడని చెప్పుకొను తల్లిదండ్రులు ప్రతి వీథిలోను కలరు. ఆ రాష్ట్రమున 2016 ఆగస్టు 1వ తేదీ మొదలు, సామాన్యముగా 21 యేండ్లు నిండి లైసెన్సు గలవారు పిస్తోలును పైకి కానరాకుండ దాచుకొని ప్రభుత్వ విశ్వవిద్యాలయపు తరగతిలో కూర్చుండవచ్చునను చట్టము అమలునకు వచ్చినది. ఆత్మరక్షణకై అట్టి హక్కు మన విద్యార్థులకును ఉండిన మేలుగదా యని కొందరు యువకులు నన్నడిగిరి. నేడు నేను వారికి బదులు చెప్పవలసియున్నాను.

ఆ ప్రశ్న వెనుకనున్న భయము నిజమైనది. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయమున ఒక విద్యార్థి 32 మందిని కాల్చిచంపెను. ఆ యేటి డిసెంబరులోనే లూసియానాలో విశ్వవిద్యాలయపు నివాసగృహమున ఇద్దరు తెలుగు పరిశోధక విద్యార్థులు తుపాకికి బలియైరి. మృతులలో ఒక్కని చేతనైనను ఆయుధముండినచో బ్రతికియుండునే యను వాదము ఆ శోకమునుండియే పుట్టినది. శోకమును హేళన సేయరాదు.

ఆయుధధారణమును హక్కుగా కోరుట మనకును క్రొత్త కాదు. 1878 నాటి ఆయుధ శాసనము జాతినంతయు నిర్వీర్యము గావించినదని మన పెద్దలు ఘోషించిరి. 1931లో కరాచీ కాంగ్రెసు, నిబంధనలకు లోబడి ఆయుధములుంచుకొను హక్కును ప్రాథమిక హక్కుల తీర్మానమున చేర్చెను. కాని స్వరాజ్యము వచ్చిన పిదప, 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు హెచ్.వి. కామత్ ఆ హక్కును ప్రతిపాదింపగా సభ అంగీకరింపలేదు. మన రాజ్యాంగపు 19వ అధికరణము పౌరులకు సమావేశ స్వాతంత్ర్యము నొసగుచు, ఆ సమావేశము శాంతియుతముగను నిరాయుధముగను ఉండవలెనని నియమించినది. పరప్రభుత్వము ప్రజలకు వెరచి ఆయుధములు లాగికొనినది. స్వతంత్ర ప్రజలు ఒకరినొకరు నమ్మదలచి, తామే ఆయుధములను సభకు వెలుపల నుంచిరి. ఈ రెంటికి గల భేదము మరువరాదు.

కళాశాలయు ఒక సభయే. అందుచేతనే మన లైసెన్సు నిబంధనలలో, ప్రత్యేకానుమతి లేనిదే ఆయుధమును జాతరలకుగాని, మతపరమైన ఊరేగింపులకుగాని, విద్యాసంస్థల ఆవరణములోనికిగాని కొనిపోరాదని యున్నది.

ఇక ఈ విషయమున సాక్ష్యము చెప్పుటకు బెజవాడకున్నంత అర్హత మరియొక యూరికి లేదు. 1972 ఏప్రిల్ 14న హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణములో జార్జి రెడ్డి కత్తిపోట్లకు బలియైనపుడే మనము మేల్కొనవలసినది, మేల్కొనలేదు. 1970, 1980 దశాబ్దములలో ఈ నగరమున యు.ఐ.యు., యు.ఎస్.ఓ. అను విద్యార్థి సంఘములు రెండు వర్గములకు చెరియొక బాహువైనవి. కర్రలు, కత్తులు, సైకిలు గొలుసులు విద్యార్థుల చేతికి వచ్చినవి. గొలుసు పట్టిన ప్రతి బాలుడును, ఇది ఒకరిని కొట్టుటకు కాదు, నన్నొకరు కొట్టకుండుటకే యని తన తల్లితో చెప్పియుండును. అతడు అబద్ధమాడలేదు. కాని ఎదుటివాడును తన తల్లితో అదే మాట చెప్పెను. 1988 డిసెంబరు 26న శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగారావు నిరాహారదీక్షలో నుండగా హతుడయ్యెను. పిదప ఈ యూరు ఎట్లు తగులబడినదో మీలో పెద్దలు కన్నులార చూచినవారే. మరుసటి యేట వెలువడిన 'శివ' చిత్రమందలి సైకిలు గొలుసును చూచి తెలుగుదేశమంతయు చప్పట్లు కొట్టెను. ఆ దర్శకుడు ఈ యూరి ఇంజనీరింగు కళాశాలలో చదివినవాడే. తక్కినవారు దానిని క్రొత్తగా చూచిరి, మనము గుర్తుపట్టితిమి.

బహిరంగముగ పట్టిన కర్రయే ఇంత చేసినపుడు, చొక్కా మాటున దాగిన పిస్తోలు ఏమి చేయును? కర్ర కనబడును, చూచినవాడు తప్పుకొనిపోవచ్చును. దాచిన ఆయుధము ఎవరివద్ద నున్నదో తెలియదు గనుక ప్రక్కవాడెల్ల అనుమానాస్పదుడగును. ఆ యనుమానము మొదట చంపునది మనుష్యుని కాదు, మాటను. టెక్సాసులోనే ముగ్గురు అధ్యాపకురాండ్రు, ఈ చట్టమువలన తరగతిలో వివాదాస్పద విషయములను స్వేచ్ఛగా చర్చింపజాలమని న్యాయస్థానము నాశ్రయించిరి. ఆ భయము ఊహాజనితమని 2018లో అప్పీలు న్యాయస్థానము వారి వాదమును త్రోసిపుచ్చెను. న్యాయస్థానమున నిలువని భయము తరగతిగదిలో నిలుచును. మార్కులు తక్కువ వేసిన యుపాధ్యాయుడు, ఎన్నికలో నెగ్గిన ప్రత్యర్థి, ప్రేమను నిరాకరించిన బాలిక, వీరందరును ఆ భయము నెఱుగుదురు.

ఆత్మరక్షణమను ఫలమైనను దక్కునా? కాల్పులు రేగిన గదిలో మఱి నలుగురు పిస్తోళ్లు తీసినచో, వచ్చిన పోలీసు హంతకుని నెట్లు గుర్తించును? అమెరికాలో తుపాకి మరణములలో సగమునకు మించినవి ఆత్మహత్యలే. పరీక్ష తప్పి గదిలో ఒంటరిగా కూర్చున్న బాలుని మీరందరు ఎఱుగుదురు. ఆ రాత్రి వాని దిండు క్రింద ఏమి యుండవలెనో తల్లిదండ్రులే చెప్పుదురుగాక.

అయినచో నిరాయుధుడైన విద్యార్థికి రక్షణ ఎవరు? మనమే. వసతిగృహమునకు కావలి నుంచుట, బెదిరింపును విన్ననాడే విచారించుట, క్రుంగిన బాలుని పలుకరించుట కళాశాల ధర్మము. తమ వర్గముల కయ్యములకు విద్యార్థులను పిలువకుండుట నాయకుల ధర్మము. పిలిచినవానికి వోటు వేయకుండుట మన ధర్మము. ఈ ధర్మమును మనము నెఱవేర్పక, బాలుని చేతికి తుపాకి నిచ్చి నిన్ను నీవే కాచుకొమ్మనుట, హక్కు నిచ్చుట కాదు, బాధ్యతను విడుచుట.

1914 ఏప్రిల్ 10న ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు ఈ బెజవాడలోనే సమావేశమై గ్రంథాలయ సంఘమును స్థాపించిరి. నాటినుండి ఇట్టి మందిరములలో మనము ఎన్నియో తగవులాడితిమి, బల్లలు గ్రుద్దితిమి, మరునాడు మరల వచ్చి అదే బల్లకడ పత్రిక చదివితిమి. ఆ మరునాటి రాక యున్నంతకాలమే విద్య యున్నది. దానిని మన బిడ్డలకు దక్కించుట యెట్లో విజ్ఞులు యోచింతురుగాక.