ముందుగా వ్రాసిన మాట

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానము కొబ్బరికిని, జీడిమామిడికిని పేరుపడినది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధియు అంతగా పేరుపడినది. మధుమేహము, రక్తపోటు లేని సేద్యగాండ్రను సైతము అది పట్టినది. కారణ మిదియని నేటికిని తేలలేదు. నీటిలోని సిలికా యనువారు కొందరు; ఎండలో దాహ మోర్చి పనిచేయుట యనువారు కొందరు; పురుగుమందులు, నొప్పిమాత్రలు, ఇట్లు అనుమానముల పట్టిక పెద్దది.

ప్రమాద మందులోనే యున్నది. నూటికి 5 పాళ్ల పొరపాటును సహించు లెక్కతో 20 అంశములను పరీక్షించినచో, ఏదియు కారణము కాకున్నను సగటున ఒకటి దోషిగా కనబడును. దానినే ప్రకటించి తక్కిన 19ని దాచినవారిని పట్టుకొనుట యెట్లు?

ఇందులకే ముందు నమోదు. భారత వైద్య పరిశోధన మండలి 2007 జూలైలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీని నెలకొల్పినది. మొదటి వ్యక్తిని చేర్చుకొనక మునుపే ప్రయోగమును నమోదు చేయవలెనని 2018 ఏప్రిల్ నుండి అందు నియమము. సర్వేల వంటి పరిశీలనలకును చోటున్నది. రుసుము లేదు, ఎవరైనను చూడవచ్చును.

అయితే ఆ మాట బిగువుగా నుండవలెను. వెనుకటి జోస్యు డొకడు గోడపై "కొడుకు కాదు కూతురు" అని వ్రాసిపోయెనట! ఏ బిడ్డ పుట్టినను, తగినచోట ఆపి చదువుకొన్న సరి. "రోగుల దిగులును పరిశీలింతుము" అను సంకల్పమును అట్టిదే. ఏ ప్రశ్నావళితో, ఎందరిని, డయాలిసిస్ మొదలైన ఎన్ని నెలలకు? ఇవి వ్రాయవలెను. పథకము మార్చరాదని కాదు. మార్చిన తేదీయు, హేతువును అక్కడనే కనబడవలెను.

ఉద్దానమునకు ఎన్నో బృందములు వచ్చి నెత్తురు, మూత్రము తీసికొని పోయినవి. ఇకముందు వచ్చువారిని, చేయి చాపుటకు ముందే, నమోదు సంఖ్య యున్నదా యని శ్రోతలు అడుగవచ్చును.