లేఅవుటు పటమున కానరాని బోదె
(కోనసీమ పంచాయతీ సభ్యులతో చేసిన ప్రసంగ పాఠము)



అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల పంచాయతీలకు నేడు తరచుగా వచ్చుచున్న కాగితము ఒకటి కలదు. వరిచేనునో, కొబ్బరితోటనో ఇండ్ల స్థలములుగా విభజించుటకు అనుమతి కోరు దరఖాస్తు అది. దానికి జతపరచిన పటము ముచ్చటగా ఉండును; తిన్నని వీధులు, నలుచదరపు స్థలములు. మేము చూచినంతలో అట్టి పటములందు తరచు కానరానిది గట్టు ప్రక్కగా పారు బోదె.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు, బోదెలు ఏర్పడి మన చేలకు నీరు అందినది. వచ్చిన నీరు పోవుటకును దారి కావలెను. కౌశిక వంటి మురుగుకాలువలు ఆ భారమును మోయుచున్నవి. పై చేనును మెరక చేసి బోదెను పూడ్చినచో క్రింది రైతునకు దాళ్వాలో నీరు రాదు, సార్వాలో నీరు పోదు. 2011 సార్వాకు కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించినప్పుడు చెప్పుకొన్న బాధలలో గిట్టుబాటు ధరతోపాటు మురుగు బాధయు ఒకటి.

కావున సంతకమునకు తొందరపడక, సభ్యులు ఇద్దరు ముగ్గురు చేనిమీదికి పోయి చూడవలెను. వాన కురిసిన మరునాడు పోయినచో మరియు మేలు. క్రింది చేని రైతును పిలిచి అడుగుడు. ఆయనకు తెలిసినంత పటమునకు తెలియదు. పారుచున్న బోదెను పటములో గుర్తించి విడువవలెననియు, వీధి దాటుచోట తూము కట్టవలెననియు తీర్మానములో వ్రాయింపుడు. లేఅవుటు వలన పంచాయతీకి రుసుము వచ్చును గదా అందురు. వచ్చును. కాని అది ఒక్కమారే వచ్చును. నిలిచిన నీరు ఏటేట వచ్చును.

ఇక నియమములు. గ్రామపంచాయతీల లేఅవుటులకు 2002లో నియమములు వెలువడినవి. 2017లో మరల క్రొత్తవి వచ్చినవి. సాంకేతిక పరిశీలన పట్టణ ప్రణాళికా శాఖవారిది, లేక పట్టణాభివృద్ధి సంస్థవారిది. సభ్యులు మరువరానిది మరియొకటి కలదు: విభజించు భూమిలో నూటికి 10 వంతులు ఖాళీస్థలముగా విడిచి పంచాయతీ పరము చేయవలెను. 5 ఎకరముల చేనులో అది 50 సెంట్లు. పటముపై "పార్కు" అని వ్రాసినంతమాత్రమున అది పంచాయతీది కాదు. వీధులకును, ఆ 50 సెంట్లకును దానపత్రము రిజిస్టరు కావలెను. లేనిచో కొన్నేండ్లకు అచ్చట ప్రహరీగోడ లేచినను అడుగుటకు మన చేతిలో కాగితముండదు.

స్థలము రిజిస్టరైనది గదా, ఇక అనుమతి యేల అనువారు మన యూళ్లలో పలువురు. రిజిస్ట్రేషను వలన హక్కు చేతులు మారును. లేఅవుటునకు అనుమతి రాదు. గల్ఫు దేశములలో చెమటోడ్చి పంపిన సొమ్ముతో నాలుగు సెంట్లు కొనుక్కొన్న కుటుంబములకు ఈ భేదము చెప్పువారు లేకపోయిరి. 2020లో క్రమబద్ధీకరణ నియమములు వచ్చినప్పుడు, ఖాళీస్థలము విడువని లేఅవుటులలో కొన్నవారు స్థలపు విలువలో నూటికి 14 వంతులు అదనముగా చెల్లింపవలసివచ్చినది. విడువవలసినవాడు అమ్మి వెడలిపోయెను. సొమ్ము కట్టినది కొన్నవాడు. ఇల్లు కట్టుకొనుటకు దాచినదే అందులకు పోయినది.

దానపత్రము చేతికి వచ్చిన వారముననే సర్వే నంబరు, హద్దులతో సహా ఆ స్థలమును పంచాయతీ ఆస్తుల రిజిస్టరున ఎక్కింపుడు. మూలలయందు రాళ్లు పాతునప్పుడు సభ్యులలో ఒకరైనను దగ్గర నుండవలెను.