కొబ్బరి మానుతో ఇంటి సామాను

(రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కొబ్బరి చెట్టులో పనికిరాని భాగము లేదని మనమందరము చెప్పుకొనుచుందుము. కాయ, పీచు, చిప్ప, మట్ట, ఈనె – అన్నిటికిని ఏదో ఒక ధర కలదు. మాను దగ్గరకు వచ్చుసరికి మాత్రము ఆ మాటను మనమే మరచిపోవుచున్నాము. తాత నాటిన చెట్టు 60, 70 ఏండ్లు కాచి ముదిసినపుడు దానిని కొట్టి వంటచెరకు ధరకు ఇచ్చివేయుదుము, లేదా బోదె గట్టున పడవేసి కుళ్లనిత్తుము. అదే ఇంటిలో పిల్ల పెండ్లికి కావలసిన మంచము, బల్ల, బీరువాలకై ఎక్కడినుండియో వచ్చిన కలపను, అట్ట వంటి పలకలను డబ్బు పోసి కొందుము. ఈ రెండు పనులను దగ్గరకు చేర్చుటయే నేటి నా ప్రసంగ విషయము.

మన పెద్దలకు ఈ మాను కొత్తది కాదు. పంట కాలువ మీద కాలిబాట వంతెనగా వేసిరి, పశువుల పాకకు దూలముగా ఎత్తిరి. అయితే కుర్చీ, బల్ల అనగానే చాలమంది రైతులు “రెండేళ్లకే పుచ్చిపోతుంది గదండీ, మాస్టారూ?” అని అడుగుచుందురు. పుచ్చుట నిజమే. ఏ భాగము వాడవలెనో తెలియక వాడినపుడు, పచ్చిగా వాడినపుడు, మందు పట్టింపక వాడినపుడు పుచ్చును. ఈ మూడు లోపములను సరిదిద్దినచో ఈ కలప ఇంటిలో దీర్ఘకాలము నిలుచును.

ముందుగా ఒక హెచ్చరిక

కలపకు ధర వచ్చినచో కాచుచున్న చెట్టుకు ముప్పు వచ్చును. ఇది ఊహ కాదు. ఫిలిప్పీన్స్ దేశము కొబ్బరి కలప వాడకములో మనకంటె ఎంతో ముందున్నది. మనీలా నగరములో 1978లో కొబ్బరి కలపతో, కొబ్బరి చిప్పలతో ‘కోకోనట్ ప్యాలెస్’ అను భవనమునే కట్టిరి. కాని కలపకు గిరాకి పెరిగిన కొలది మంచి చెట్లపై కూడ గొడ్డలి పడసాగినది. అందువలన ఆ దేశము 1995లో కొబ్బరి చెట్ల రక్షణకై ఒక చట్టము చేయవలసి వచ్చినది. పొడుగు రకమైనచో 60 ఏండ్లు, పొట్టి రకమైనచో 40 ఏండ్లు నిండినవి, కాపు గిట్టుబాటు కానివి, తెగులు సోకినవి, తుపానుకు గాని పిడుగుకు గాని దెబ్బతిన్నవి – ఇటువంటి చెట్లనే అనుమతితో కొట్టవలెను. కొట్టినవాడు మరల నాటవలెను అని దాని సారాంశము.

మనము చట్టము వచ్చువరకు ఆగనక్కరలేదు. ప్రతి చెట్టుకు రెండు మూడేండ్ల కాయల లెక్క వ్రాసి ఉంచుడు. ముసలిదై, ఎరువు నీరు సక్రమముగా ఇచ్చినను కాపు పుంజుకొనని చెట్టుకు మాత్రమే సున్నపు చార వేయుడు. చార వేసిన చెట్లన్నిటిని ఒకేసారి కొట్టరాదు. వాటి నడుమ ముందుగా మంచి మొక్క నాటి, మొక్క నిలదొక్కుకొనిన కొలది మూడు నాలుగేండ్లలో విడతలుగా తీసివేయవలెను. మొక్కకు మొక్కకు 8 మీటర్ల ఎడము ఉండవలెను. అంబాజీపేట పరిశోధనా స్థానమున రూపొందిన గోదావరి గంగ సంకరము దేశవాళీ పొడుగు రకముకంటె త్వరగా కాపునకు వచ్చును. కొట్టుటకు ముందు నాటుట – ఈ వరుస తప్పినచో కలప మీద వచ్చిన పైకము తోట మీద పోవును.

మాను స్వభావము

టేకు, వేప మొదలగు చెట్లకు నడుమ చేవ, వెలుపల మెత్తని తెల్లకలప ఉండును. కొబ్బరి మాను దీనికి సరిగా విరుద్ధము. ఇది వరి, వెదురుల వలె ఏకదళబీజ జాతికి చెందినది. దీనికి ఏటేట పెరుగు వలయములు లేవు, కొమ్మలు లేవు గనుక ముడులును లేవు. గట్టి నార కట్టలు అంచున దట్టముగా, నడుమ పలుచగా ఉండును. అంచు కలప ఎండిన పిదప ఘనపు మీటరుకు 600 కిలోలకు పైబడి తూగును. ఇంచుమించు టేకుతో సమానము. దాని లోపలి పొర 400 నుండి 600 కిలోలు, నడిమి గుజ్జు 400 కిలోలకు లోపు. మొదలున గట్టిదనము ఎక్కువ, మొవ్వు వైపు పోయిన కొలది తక్కువ. లేత చెట్టులో అంచు కూడ మెత్తనే. కావుననే ముసలి చెట్టు మానే సామానుకు తగినది. కాపునకు చివరి దశ, కలపకు మొదటి దశ!

కోత

చెట్టు పడిన రెండు వారములలోపల కోయించుట మేలు. ఆలస్యమైనచో బూజు పట్టి నల్లబడును, పురుగు చేరును. సామిల్లులో దుంగను ఒకే వైపునుండి వరుస పలకలుగా కోయింపరాదు. దుంగను త్రిప్పుచు చుట్టునుండి గట్టి పలకలను ముందుగా తీసి, గుజ్జును చివరకు విడువవలెను. ఈ కలప రంపపు పండ్లను త్వరగా మొద్దుబార్చును. టంగ్‌స్టన్ కార్బైడ్ మొనలు గల రంపమైనచో పని సాగును. గట్టి పలకలకు ఒక గుర్తు, నడిమి పొర పలకలకు ఒక గుర్తు మిల్లులోనే పెట్టుకొనుడు. ఎండిన తరువాత పోల్చుకొనుట కష్టము.

మందు పట్టించుట

పలకలు పచ్చిగా ఉండగానే మందు పట్టించవలెను. 100 లీటర్ల నీటికి బోరిక్ ఆమ్లము 2 కిలోలు, బోరాక్సు 3 కిలోలు కలుపుడు. వెదురుకు వాడుకలో ఉన్న పాళ్లు ఇవియే. పలకలను దీనిలో వారము దినములు మునుగునట్లు ఉంచి, తీసి, ఒకదానిపై ఒకటి దగ్గరగా పేర్చి రెండు వారములు పట్టా కప్పి ఉంచినచో మందు లోపలికి ఇంకును. ఇది పుచ్చు పురుగునుండి, చెదలనుండి కాపాడును. కాని వానకు కడుగుకొనిపోవును గనుక ఈ సామాను ఇంటిలోపలనే వాడదగినది.

బోరాన్ లోపమున్న చెట్లకు మీరు వేయు బోరాక్సే ఇది. అయినను మోతాదు మించినచో పైరుకు విషమగును. మిగిలిన ద్రావణమును కాలువలో, చెట్టు పాదులో పోయరాదు. తరువాతి పలకలకు వాడుకొనుడు. చేతులకు తొడుగులు వేసికొని, పిల్లలను పశువులను దూరముగా ఉంచుడు. రాగి, క్రోమియము, ఆర్సెనిక్ కలిసిన మందును ఇంటి సామానుకు వాడనే రాదు. అమెరికాలో ఇండ్ల కలపకు ఆ మందు పట్టించుటను 2003 చివర నిలిపివేసిరి.

ఆరబెట్టుట

నేలకు అడుగున్నర ఎత్తున దిమ్మలు పెట్టి, పైన కప్పు గల గాలి తగులు చోట, రెండేసి అడుగులకు ఒక అంగుళపు బద్ద అడ్డముగా వేయుచు పలకలను పేర్చవలెను. ఎండలో పడవేసినచో వంకర తిరుగును. అంగుళము మందపు పలక ఆరుటకు ఒకటి నుండి మూడు నెలలు పట్టును. వానకాలములో మన కోనసీమ తేమకు ఇంకను ఆలస్యమగును. ఆరినది లేనిది తెలియుటకు ఒక సులభ మార్గము కలదు. ఒక పలకకు గుర్తు పెట్టి వారమునకు ఒకసారి తూచుడు. వరుసగా మూడు వారములు తూకము మారకున్నచో అది ఆరినట్లే. అంతవరకు వడ్రంగిని పిలువవద్దు.

సామాను అమరిక

కలపను బట్టి సామాను ఉండవలెను గాని, సామానును బట్టి కలప దొరకదు. గట్టి అంచు సుమారు రెండు అంగుళముల మందమే ఉండును. కావున కోళ్లు అంతకంటె లావుగా కోయరాదు. లావు చేసినచో మెత్తని భాగము కలిసి బలము తగ్గును. కోళ్ల నడుమ అడ్డకమ్మీలు పెట్టి బలము తెచ్చుకొనవలెను. వెడల్పు పలక ఆశింపక, నాలుగంగుళముల పలకలు ప్రక్క ప్రక్కన చేర్చి బల్లపై భాగము చేయవలెను. కోళ్లు, మంచపు పట్టెలు, పీట ముఖము గట్టి కలపతో. అలమర అరలు, వెనుక పలకలు నడిమి పొరతో చేసినచో ఏదియు వృథా కాదు.

మేకు కొట్టుటకు ముందు తప్పక రంధ్రము చేయవలెను, లేనిచో పలక చీలును. అతుకులను జిగురుతో శాశ్వతముగా బిగించుటకంటె స్క్రూలతో బిగించుట మంచిది. ఒక కోడు పోయినచో దానినే మార్చుకొనవచ్చును. ఒక్క కోటికై బల్లనంతయు పారవేయ పని లేదు. నార పేళ్లు చేతికి గుచ్చుకొనకుండ గరుకు కాగితముతో బాగుగా రుద్ది, వార్నీషు పూయుడు. వరద నీరు ముంగిటికి వచ్చు లంక ఊళ్లలో కోళ్ల అడుగున ప్లాస్టిక్ తొడుగులు వేయుడు.

మిగిలినది

మాను మొత్తములో మూడవ వంతు సామానుకు దక్కిన మేలే. ధర కట్టునపుడు చెట్టు కొట్టు కూలి, రవాణా, మిల్లు, మందు, వడ్రంగి కూలితోపాటు ఈ తరుగును కూడ లెక్క వేయుడు. మందు పట్టించుటకు ముందు వచ్చిన రంపపు పొట్టును పేడతో కలిపి కుళ్లబెట్టి ఎరువుగా వాడవచ్చును. పచ్చి పొట్టు నేరుగా వేసినచో నేలలోని నత్రజనిని అది లాగుకొనును. మందు పట్టిన పలకలను చిత్రిక పట్టగా వచ్చిన పొట్టును మాత్రము ఎరువు గుంటలో కలుపరాదు.

తోటలో కుళ్లు మాను కొమ్ము పురుగుకు పుట్టినిల్లు. మానును కోతకు తీసికొనిపోవుట, మొద్దును త్రవ్వి తీయుట మిగిలిన చెట్లకు రక్ష. ఎరువు గుంటను కూడ తిరగవేసి పురుగులను ఏరివేయుడు. గానోడెర్మా తెగులు సోకిన చెట్టును సామానుకు వాడక, వేళ్లతో సహా తీసి అక్కడనే కాల్చివేయుట క్షేమము.

సోదరులారా! 1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను కోనసీమలో లక్షల చెట్లను నేలకూల్చినది. తుపానులు మనకు కొత్త కావు. మరల అటువంటిది వచ్చిననాడు పడిన మానును ఏమి చేయవలెనో తెలిసిన రైతు, కోయగల మిల్లు, మలచగల వడ్రంగి ఊరిలో ఉన్నచో నష్టములో కొంతయైన చేతికి వచ్చును. ఆ నేర్పు తుపాను నాడు రాదు. ఈ యేడు ఎటులైనను కొట్టవలసిన ఒక్క చెట్టుతో, ఒక్క పీటతో మొదలుపెట్టుడు. కొట్టుటకు ముందు మాత్రము దాని ప్రక్కన మొక్క నాటుట మరువకుడు.